మాటల్లేని పాట మళ్ళీ పలికింది

పని చేసుకుంటూ కూనిరాగం తీయని ఆడవాళ్ళు అరుదు. ఎవరైనా వస్తున్న అలికిడైతే చాలు, చటుక్కున ఆపేస్తాం. "ఈ వయసులో పాటలేమిటి?" అంటారేమోనని బెరుకు! అలాంటి బెరుకున్న వాళ్ళందరికీ ఎడ్వర్డ్ ఖిల్ అనే రష్యన్ గాయకుడి గురించి చెప్పాలనిపిస్తుంది నాకు.

ఆయన 1934 సెప్టెంబరు 4న స్మొలెన్స్క్‌లో పుట్టాడు. యుద్ధం ఆ పసివాణ్ణి తల్లి నుంచి విడదీసింది. పిల్లల శరణాలయంలో అర్ధాకలితో పెరిగాడు. గాయపడ్డ సైనికుల దగ్గరికెళ్ళి పాటలు పాడేవాడట. 1943లో తల్లి వెతుక్కుంటూ వచ్చి తీసుకెళ్ళింది. తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో సంగీతం చదివి, 1960లో పట్టా పుచ్చుకున్నాడు. 1974లో 'ప్రజా కళాకారుడు' బిరుదు వచ్చింది.

ఆయన పాడిన వాటిలో ఒకటి అర్కాదీ ఒస్త్రోవ్‌స్కీ స్వరపరచిన పాట. ఇన్నాళ్ళకి ఇంటికి తిరిగొస్తున్నందుకు ఎంత సంతోషంగా ఉందో అన్నది దాని పేరు. మొదట దానికి మాటలుండేవి. అమెరికాలో గుర్రమెక్కి ఇంటికెళ్ళే పశువుల కాపరి, అతని కోసం మేజోళ్ళు అల్లుతూ ఎదురుచూసే ప్రియురాలు... ఇదీ సంగతి. ఆ రోజుల్లో సోవియట్ దేశంలో అమెరికా కాపరి పాటను ఒప్పుకోరు కదా! అందుకని మాటలు తీసేసి వట్టి రాగంగా పాడామని ఖిల్ చెప్పేవారు. మన ఆలాపన లాంటిదే అనుకోండి.

సోవియట్ యూనియన్ కూలిపోయాక ఎందరో కళాకారుల్లాగే ఆయనకీ కచేరీలు తగ్గాయి. పారిస్ వెళ్ళి 'రస్పుతిన్' అనే రష్యన్ హోటల్లో కొన్నేళ్ళు పాడారు. అంత పేరున్న మనిషి, భోజనం చేసేవాళ్ళ ముందు నిలబడి పాడటం! చిన్నతనం అనుకోలేదాయన.

2010లో ఆ మాటల్లేని పాట పాత టీవీ రికార్డింగు ఇంటర్నెట్‌లో పాకిపోయింది. 'ట్రొలొలొ' అని ముద్దుపేరు పెట్టారు. తాతగారికి ఈ సంగతే తెలీదు. మనవడు ఇంట్లో ఆ రాగం తీస్తుంటే, ఎందుకు పాడుతున్నావని అడిగారట. మీరిక్కడ టీ తాగుతూ కూర్చున్నారు, అక్కడ అందరూ మీ పాటే పాడుతున్నారని చెప్పాడట మనవడు!

నిజం చెప్పాలంటే చాలామంది నవ్వుకోవడానికే చూశారు. ఆ బిగుసుకున్న చిరునవ్వు, ఆ నడక, ఆ 'లొలొలొ' వాళ్ళకి వింతగా తోచాయి. మరొకరైతే చిన్నబుచ్చుకునేవారే. డెబ్భై అయిదేళ్ళ ఖిల్ మాత్రం హాయిగా నవ్వేసి, ఈ రాగానికి మీరే మాటలు రాయండి, కలిసి పాడుకుందాం అని జనాన్ని పిలిచారు. వెక్కిరించబోయిన వాళ్ళే అభిమానులైపోయారు. 2012 జూన్ 4న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన కన్నుమూశారు.

ఆ కీర్తి దక్కింది రెండేళ్ళే. కానీ ఆ పాట వెనుక ఒక జీవితకాలం సాధన ఉంది. ఎవరూ వినని రోజుల్లోనూ ఆయన గొంతు మూసుకోలేదు. అదీ నాకు నచ్చింది.

మన ఇళ్ళల్లోనూ పెళ్ళికి ముందు సంగీతం నేర్చుకున్న అత్తగారో, మంగళహారతులు పాడే అమ్మమ్మో ఉంటారు. పాడమని వాళ్ళనడిగి ఎన్నాళ్ళయిందో? ఖిల్‌కి కబురు మోసింది మనవడు. మన పెద్దవాళ్ళకి ఆ కబురు చెప్పాల్సింది మనమేగా!