వసంతయాత్రకు తేలికమూట

ఏప్రిల్ మాసమున కరీంనగరు ఎండ 40 డిగ్రీలను తాకుచుండగా, ఇచ్చటి తల్లిదండ్రులు కొందరు లండనులోని బిడ్డల వద్దకు బయలుదేరుదురు. అచ్చట అప్పుడు పగలు సుమారు 15, రాత్రి 6 డిగ్రీలు మాత్రమే. భయపడి బరువైన కోటు కొనుట అనవసరమని నా అభిప్రాయము. పుష్యమాసపు తెల్లవారుజామున ఆదిలాబాదులో 10 డిగ్రీలకు దిగువనుండు చలికి ఓర్చిన స్వెట్టరు, శాలువలే అచ్చటను చాలును.

పొరల నడుమ నిలిచిన గాలియే దేహపు వేడిని కాపాడును. నూలు బనియను, దానిపై చొక్కా, ఉన్ని స్వెట్టరు, అన్నిటిపైన వాన చొరని పలుచని కోటు ధరించినచో, ఎండ వచ్చినకొలది ఒక్కొక్కటి తీయవచ్చును. స్త్రీలు చీర క్రింద ఉన్ని లాగు తొడుగుకొనుట మేలు. మేజోళ్లు, బూట్లు మరువరాదు. చెప్పులతో వెళ్లి వణకినవారు పెక్కురు.

నూలు చీర అచ్చటి తేమలో త్వరగా ఆరదు. సిరిసిల్ల మరమగ్గములపై నేయు పాలిస్టరు వంటి వస్త్రము రాత్రి ఉతికి గదిలో ఆరవేసినచో తెల్లవారుసరికి ఆరును. కావున ఒకదానితోనొకటి కలియు రంగులలో నాలుగు జతలు చాలును. పట్టుచీర, శుభకార్యమున్నచో ఒక్కటి. స్వెట్టరును మాత్రము చేతిసంచిలోనే ఉంచుకొనుడు. శంషాబాదులో విమానమెక్కినది మొదలు చలియే. పెట్టెలో మామిడికాయ తొక్కు డబ్బాకు చోటు మిగులును.