సర్కారు సాయంతో సొంత గూడు: ఏది సాయం? ఏది వడ్డీ?

కూడు, గుడ్డ తర్వాత మనిషికి కావలసింది గూడు. ఇల్లు మనిషికి ప్రశాంతత దొరికే చోటని దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా గుర్తుచేస్తుంది. తలదాచుకునే చోటు లేని పేదవానికి దాన్ని సమకూర్చడం పాలకుల బాధ్యత. ఇందుకోసం మన దేశంలో ఎన్నో పథకాలు నడుస్తున్నాయి. అయితే వీటి విషయంలో మన సోదరులు రెండు విధాలుగా నష్టపోతున్నారు. కొందరు "సర్కారు సొమ్మంటే వడ్డీ సొమ్మే" అనుకొని, న్యాయంగా దక్కవలసిన సాయాన్ని వదులుకుంటున్నారు. మరికొందరు "ఇచ్చేది ప్రభుత్వమే గదా" అంటూ వడ్డీ అప్పు పత్రాల మీద చదవకుండానే సంతకాలు పెడుతున్నారు. రెండూ సరికావు.

ముందుగా ఒక తేడా గ్రహించాలి. తిరిగి చెల్లించనక్కరలేని సాయం వేరు, వడ్డీలో రాయితీతో ఇచ్చే అప్పు వేరు.

మొదటి రకానికి గ్రామీణ ఆవాస్ యోజన మంచి ఉదాహరణ. 1985-86లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో 2016లో ఇది వచ్చింది. మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1 లక్షా 20 వేల రూపాయలు, కొండ ప్రాంతాల్లో 1 లక్షా 30 వేలు సాయంగా నిర్ణయించారు. ఇల్లు వంటగదితో కలిపి కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. తెలంగాణలో 2024 మార్చిలో భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద, సొంత స్థలం ఉన్న పేదలకు 5 లక్షల రూపాయలు విడతలుగా ఇస్తారు. ఇవి అప్పులు కావు. అసలూ లేదు, వడ్డీ అసలే లేదు. అర్హులు వీటిని తీసుకోవడానికి సంకోచించవలసిన పనిలేదు.

రెండవ రకం పట్టణాలలో కనిపిస్తుంది. 2024లో ప్రారంభమైన పట్టణ ఆవాస్ యోజన రెండవ దశలో, సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే పేదలకు నేరుగా ఇచ్చే సాయం ఒక భాగం. బ్యాంకు అప్పుపై వడ్డీ రాయితీ మరొక భాగం. 35 లక్షల లోపు విలువైన ఇంటికి 25 లక్షల వరకు అప్పు తీసుకున్నవారికి, అందులో మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ ఇస్తారు. ఈ రాయితీ మొత్తం 1 లక్షా 80 వేలు మించదు. 5 వార్షిక విడతలుగా జమ అవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 8 లక్షలు 9 శాతం వడ్డీకి 12 సంవత్సరాల గడువుతో తీసుకుంటే నెలకు సుమారు 9,100 కట్టాలి. గడువు తీరేసరికి వడ్డీయే దాదాపు 5 లక్షల 11 వేలు అవుతుంది. రాయితీ వల్ల భారం కొంత తగ్గవచ్చు గాని వడ్డీ మాత్రం మాయం కాదు. ఒప్పందం వడ్డీ ఒప్పందంగానే ఉంటుంది. ఖుర్ఆన్ బఖరా సూరాలో వడ్డీని ఎంత తీవ్రంగా ఖండించిందో మనకు తెలుసు. నివాస గృహం విషయంలో 1999లో డబ్లిన్‌లో సమావేశమైన యూరోపు ఫత్వా మండలి పాశ్చాత్య దేశాల్లోని ముస్లింలకు కొన్ని షరతులతో వెసులుబాటు చూపింది. చాలామంది ఉలమాలు దానిని అంగీకరించలేదు. కాబట్టి వినికిడి మాటలు నమ్మక, పత్రాలు తీసుకొని వెళ్ళి నమ్మకమైన ముఫ్తీ గారికి మీ పరిస్థితి వివరించి అడగండి.

సాయమనుకున్నదే అప్పుగా తేలిన అనుభవం మన తెలుగువారికి లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుండి 2011 వరకు గృహనిర్మాణ సంస్థ ద్వారా కట్టిన ఇళ్ళలో ఎన్నో రుణంతో ముడిపడినవే. ఏళ్ళు గడిచినా బాకీ తీరక, పూర్తి హక్కు చేతికి రాక ఎన్నో కుటుంబాలు ఇబ్బంది పడ్డాయి. చివరకు 2021లో ప్రభుత్వం గ్రామాల్లో 10 వేలు, మునిసిపాలిటీల్లో 15 వేలు, కార్పొరేషన్లలో 20 వేలు కడితే మిగతా బాకీ మాఫీ చేసే పథకం తెచ్చింది. అందుకే సంతకానికి ముందే "ఇందులో అప్పు ఎంత? సాయం ఎంత?" అని అడిగి తెలుసుకోవాలి.

మరొక విషయం. ఈ ఇళ్ళు సాధారణంగా ఇల్లాలి పేరిట లేదా భార్యాభర్తలిద్దరి పేరిట మంజూరవుతాయి. "ఆడవారి పేర ఇల్లేమిటి?" అని గొణిగేవారు ఉన్నారు. స్త్రీ ఆస్తి స్త్రీదేనని షరీయత్ ఎప్పుడో తేల్చింది. ఆమె గతించాక సంతానం ఉంటే భర్తకు నాలుగో వంతు, మిగిలినదానిలో కూతుళ్ళకూ కొడుకులకూ వారి వారి వాటాలు చెందుతాయి. ఇల్లు సర్కారు ఇచ్చినదని కూతురి వాటా ఎగ్గొట్టే అధికారం ఎవరికీ లేదు.

అలాగే పక్కా ఇల్లు ఉండి కూడా లేదని రాయించడం, దళారికి లంచమిచ్చి జాబితాలో పేరెక్కించడం హరామ్. ఆ పేరుతో ఒక నిజమైన పేదవాని పేరు కొట్టుకుపోతుంది. లంచం ఇచ్చినవాడినీ పుచ్చుకున్నవాడినీ దైవప్రవక్త (స) శపించారు.

మసీదు కమిటీల పెద్దలకు ఒక మనవి. ఇందిరమ్మ ఇంటికి మొదటి విడత పునాది పూర్తయిన తర్వాతే వస్తుంది. చేతిలో చిల్లిగవ్వ లేని పేదవాడు పునాది ఎలా వేస్తాడు? ఊరి వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు. అంటే వడ్డీలేని సాయం కోసం వడ్డీలో చిక్కుకుంటాడు! బస్తీలో పదిమంది తలా కొంత వేసుకొని ఖర్జె హసనా నిధి ఏర్పాటు చేస్తే ఈ దుస్థితి తప్పుతుంది. సాక్షుల సమక్షంలో రాసి ఇవ్వండి. ప్రభుత్వం విడత సొమ్ము ఖాతాలో వేయగానే తిరిగి తీసుకొని, ఆ డబ్బే మరొకరి పునాదికి ఇవ్వండి.

జుమా నమాజుకు వచ్చే సోదరులలో చదువుకున్న యువకులు ఇద్దరు కూర్చొని దరఖాస్తులు నింపిపెట్టినా, గ్రామసభలో జాబితా చదివేటప్పుడు పేదల తరఫున హాజరైనా అది పుణ్యకార్యమే. గూడు లేని ప్రతి కుటుంబానికీ వడ్డీ నీడ పడని ఇల్లు అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.