గిటారు పలుకు: హంబకర్ పికప్‌ను ఎన్నుకొనుట ఎట్లు?

రేడియో ఉన్న ప్రతి యింటివారికిని పరిచయమైన శబ్దమొకటి గలదు. పాట ముగిసి మాట మొదలు కాకముందు, ఆ కొద్దిపాటి నిశ్శబ్దములో, పెట్టె లోపలినుండి తుమ్మెద రొదవలె సన్నగా వినవచ్చు ధ్వని అది. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున ఊగులాడుచుండుటయే దానికి మూలము. ఇంజనీర్లు దీనిని ‘హమ్’ అందురు. ఎలక్ట్రిక్ గిటారు వాయించు పిల్లలున్న యింటిలో ఈ రొద మరింత స్పష్టముగా వినబడును. దానిని అణచుటకై పుట్టిన సాధనమే హంబకర్. హమ్‌ను ఎదిరించునది అని ఆ పేరునకు అర్థము.

గిటారు కొన్న రెండు మూడేండ్లకు అందలి పికప్‌ను తీసి వేరొకటి అమర్చుకొనవలెనని వాయించువారికి కోరిక కలుగుట సహజము. అంగడిలో రకములు వందలకొలది గలవు. పేరుపొందిన సంస్థలవి ఒక్కొక్కటియు వేల రూపాయల వెల పలుకును. ప్రకటనలలోని మాటలా, అన్నియు ఒకే తీరున మధురముగా నుండును. ఏది కొనవలెను, అసలు కొనవలసిన అవసరమున్నదా, అన్న ప్రశ్నలకు సమాధానము దొరకవలెనన్నచో పికప్ పనిచేయు తీరు కొంత తెలియవలెను.

పికప్ మైక్రోఫోను వంటిది కాదు. మైక్రోఫోను గాలిలోని కదలికను గ్రహించును. పికప్ ఉక్కు తీగ కదలికను గ్రహించును. అయస్కాంతముపై వెండ్రుకంత సన్నని రాగి తీగను వేలకొలది చుట్లు చుట్టినచో పికప్ సిద్ధమగును. దానికి ఎదురుగా ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రము మారును; ఆ మార్పు వలన రాగి చుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో మైఖేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణయే ఇది. అమెరికాలో జార్జి బీచమ్ రూపొందించిన గిటారు పికప్‌నకు 1937లో పేటెంటు లభించినది. నైలాను తీగలను గాని, ఇత్తడి తీగలను గాని ఈ సాధనము వినజాలదు; దానికి ఉక్కే కావలెను.

ఈ సూత్రము మన సంగీతమునకు పరాయిది కాదు. పాలకొల్లున జన్మించిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతమునకు మాండలిన్‌ను అలవరచినప్పుడు ఎలక్ట్రిక్ మాండలిన్‌నే చేపట్టిరి. నాలుగు జంట తీగలకు బదులు ఐదు ఒంటి తీగలను కూర్చుకొనిరి. మీటిన స్వరము వెంటనే సన్నగిల్లిపోక నిలిచినగాని గమకమునకు చోటు దొరకదు. ఆ నిలుకడను సమకూర్చుటలో పికప్‌నకును, యాంప్లిఫయర్‌నకును పాలు గలదు.

ఇక రొద సంగతి. వేల చుట్లు గల తీగచుట్ట గిటారు తీగలను మాత్రమే వినునని నియమము లేదు. ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు, ట్యూబులైటు చోకులు తమ చుట్టును వ్యాపింపజేయు అయస్కాంత క్షేత్రమును కూడ అది విడువక గ్రహించును. ఒంటి చుట్ట పికప్‌లకు ఈ దోషము పుట్టుకతో వచ్చినది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రమునందలి కలమజూ పట్టణమున గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ అను ఇంజనీరు దీనికి ఉపాయము కనుగొని 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసెను. 1957లో ఆ పికప్‌లు గిబ్సన్ గిటార్లలోనికి వచ్చినవి. పేటెంటు 1959లో లభించినది. ఇంచుమించు అదే కాలమున రే బట్స్ అను మరియొకడు గ్రెచ్ గిటార్లకై అదే ఉపాయమును స్వతంత్రముగా సాధించెను.

ఆ ఉపాయము యెట్టిదనగా: ఒక చుట్టకు బదులు రెండు చుట్టలను పక్కపక్కన నుంచి, రెండవదానిని విద్యుత్తు దృష్ట్యా మొదటిదానికి వ్యతిరేక దిశలో కలుపుదురు. వెలుపలినుండి వచ్చు రొద రెండింటిలోను సమానముగా పుట్టి, ఎదురెదురుగా కలిసి, ఒకదానినొకటి రద్దు చేసికొనును. అట్లయినచో తీగ ధ్వని కూడ రద్దు కావలెను గదా యని సందేహము కలుగవచ్చును. రెండవ చుట్టలో అయస్కాంత ధ్రువమును కూడ తలక్రిందులు చేయుటలో ఉన్న నేర్పు అదియే. తీగ సంకేతము రెండు మారులు తిరుగబడి యథాస్థితికి వచ్చును. రెండు చుట్టల సంకేతములును కూడుకొనును. రొదకు ఈ రెండవ తిరుగుడు లేదు. ఆకాశవాణి స్టూడియోలలో మైక్రోఫోను తీగలను జంటగా నడిపి రొదను రద్దు చేయుట ఈ జాతి ఉపాయమే. పూర్వకాలపు కొన్ని రేడియోల స్పీకర్లలోను హమ్‌ను రద్దు చేయు ప్రత్యేకపు చుట్ట ఉండెడిది.

అయితే నిశ్శబ్దము ఊరక రాదు. రెండు చుట్టలు తీగను రెండు తావులలో వినుచుండుటచే పై అనుస్వరములు కొన్ని తగ్గిపోవును. చుట్లు పెరిగిన కొలదియు తారస్థాయి తళుకు కొంత మాయును. కనుకనే హంబకర్ పలుకు ఒంటి చుట్ట పలుకుకంటె గుండ్రముగా, బరువుగా నుండును. రొద పోగొట్టుటకై చేసిన సాధనము కాలక్రమమున తన పలుకు కొరకే కోరదగినదైనది. ‘పేటెంటు దరఖాస్తు చేయబడినది’ అను చీటీ అంటించిన తొలినాటి పికప్‌లకు నేడు అమిత గిరాకి గలదు. చిత్రమేమనగా, ఆ చీటీ తరువాత వచ్చిన చీటీపై అచ్చు వేసిన సంఖ్య పికప్ పేటెంటుది కాదు. గిటారు తీగలను బిగించు టెయిల్‌పీస్ పేటెంటుది! ఆ తొలి పికప్‌లలో చుట్ల సంఖ్యయు, అయస్కాంతపు రకమును ఒకదాని కొకటి సరిపోలవు. కనుక ‘1959 నాటి అసలు పలుకు’ అని నేటి ప్రకటనలు చెప్పునప్పుడు, ఆనాడు అట్టి పలుకు ఒక్కటి కాదనియు, పలు విధములుగ నుండెననియు గుర్తుంచుకొనవలెను.

కొనుటకు ముందు ఖర్చు లేని పరీక్షలు కొన్ని గలవు. మొదట క్రొత్త తీగలు వేసి వినవలెను. తుప్పు పట్టిన తీగ మొద్దుబారిన పలుకునకు మొదటి కారణము. తరువాత పికప్ ఎత్తును సరిచూడవలెను. చివరి మెట్టు వద్ద తీగను అదిమి పట్టి, తీగకును పికప్‌నకును నడుమ 2 లేక 3 మిల్లీమీటర్ల ఎడముండునట్లు మరలను త్రిప్పి, చెవితో నిర్ణయించుకొనవలెను. మరీ దగ్గరైనచో ధ్వని ముద్దయగును. మరీ దూరమైనచో బలహీనమగును. అర మిల్లీమీటరు మార్పు ఒక్కొక్కప్పుడు క్రొత్త పికప్ చేయు పనిని చేయును. తీగలపై చేయి వేసినంతనే రొద తగ్గి, తీసినంతనే పెరుగుచున్నచో, అది చుట్టల దోషము కాదు. లోపలి తీగలకు కవచము చాలకపోవుటయో, ఎర్త్ కలయిక సడలుటయో అయియుండును. హంబకర్ మార్చినను ఆ రొద పోదు.

ఈ పరీక్షల తరువాతను అసంతృప్తి మిగిలినచో, అప్పుడు ఎంపిక. అమ్మకపు చీటీలలో అన్నిటికంటె ప్రముఖముగ కనబడునది నిరోధము: 8 కిలో ఓములు, 16 కిలో ఓములు అని. సంఖ్య పెద్దదైనచో శక్తి పెద్దదని పలువురు తలతురు. ఇది సగము నిజము. నిరోధము చుట్ల సంఖ్యను బట్టియే గాక తీగ సన్నదనమును బట్టియు పెరుగును. తొలి హంబకర్లకు వాడినది 42వ నెంబరు తీగ. ఒక్కొక్క చుట్టకు సుమారు 5,000 చుట్లు. మొత్తము నిరోధము 7 మొదలు 9 కిలో ఓముల వరకు. అన్నియే చుట్లను అంతకంటె సన్ననైన 44వ నెంబరు తీగతో చుట్టినచో, 8 కిలో ఓములు ఇంచుమించు 12న్నర అగును. శక్తి మాత్రము అంతగా పెరుగదు. కనుక ఒకే నెంబరు తీగ గల రెండింటిని పోల్చుటకు తప్ప నిరోధము ఒంటరిగా సాక్ష్యము చెప్పజాలదు.

దానికంటె నమ్మదగిన సంఖ్య ప్రేరకత్వము. దీనిని హెన్రీలలో కొలుతురు. చుట్ట ప్రేరకత్వమును, చుట్టలోను కేబులులోను దాగియున్న కెపాసిటీయు కలిసి ఒక పౌనఃపున్యము వద్ద అనునాదము కలిగించును. ఆ శిఖరమునకు మించిన ధ్వనులు త్వరగా అణగిపోవును. రేడియోలో స్టేషను పట్టుటకు చుట్టయు, కండెన్సరును జతపడు తీరే ఇది. మొత్తము కెపాసిటీ 600 పికోఫారడ్‌లు అనుకొన్నచో, 4.5 హెన్రీల పికప్ శిఖరము సుమారు 3,000 ఆవృత్తుల వద్ద నిలుచును. 8 హెన్రీలదైనచో సుమారు 2,300 వద్దకు దిగును. మొదటిది తేటగ పలుకును; రెండవది మధ్యస్థాయిలో బలము చూపును. కేబులు పొడవు పెరిగినను శిఖరము క్రిందికి దిగును. పికప్ మార్పునకు పూర్వము పొట్టి కేబులు వేసి చూడుమని అనుభవజ్ఞులు చెప్పుట ఇందువలననే.

అయస్కాంతము తరువాతి మాట. అల్యూమినియము, నికెలు, కోబాల్టులను ఇనుముతో కూర్చిన ఆల్నికో రకములలో 2వది మెత్తగను, 5వది అంతకంటె బిగువుగను, తళుకుగను పలుకునని ప్రసిద్ధి. సిరామిక్ అయస్కాంతము బలమైనది, చౌకయైనది. దానిని కర్కశమని త్రోసివేయుట తగదు. చుట్ట ఎట్టిదో చూడక అయస్కాంతమునే నిందించుట న్యాయము కాదు. 1970వ దశకము ఆరంభమున డిమార్జియో సంస్థ వెలువరించిన ‘సూపర్ డిస్టార్షన్’ సిరామిక్ అయస్కాంతముదే. మార్పిడి పికప్‌ల వ్యాపారమునకు బాటవేసినది అది. ఆనాటి వాల్వు యాంప్లిఫయర్లను పగిలిన ధ్వనిలోనికి నెట్టుటకు అధిక శక్తి గల పికప్ అవసరమయ్యెను. నేటి యాంప్లిఫయర్లలో అట్టి ధ్వనికి కావలసిన బలము ఎక్కువగనే గలదు. కావున తేటదనము కోరువారు మితమైన శక్తి గల పికప్‌తో తృప్తిపడుట మేలు. పికప్ పోగొట్టిన తళుకును యాంప్లిఫయర్ పూర్తిగ తిరిగి యీయజాలదు.

పికప్ ఉండు చోటును లెక్కింపవలెను. వీణలో గుఱ్ఱము వంటిదైన బ్రిడ్జి దగ్గర తీగ కొద్దిగనే ఊగును. మెడవైపు విరివిగ ఊగును. అందుచేతనే జతగా అమ్ము పికప్‌లలో బ్రిడ్జివైపుదానికి చుట్లు ఎక్కువ వేయుదురు. బ్రిడ్జిది మెడకు, మెడది బ్రిడ్జికి అమర్చినచో తూకము తప్పును. చివరి తీగలు రెండింటి నడుమ ఎడమును కూడ కొలువవలెను. గిబ్సన్ తీరు పికప్‌లలో మరల వరుస సుమారు 49 లేక 50 మిల్లీమీటర్లు. ఫెండర్ తీరు బ్రిడ్జిలకు తగినవి 51 మొదలు 53 వరకు. స్వల్పభేదము వినికిడికి అంతగా అడ్డు రాదు గాని, చూపునకు వెలితిగా నుండును. చట్రము పరిమాణము మాత్రము తప్పక సరిపోవలెను. గిటారు చెక్కను తొలిచినచో మరల పూడ్చుట కష్టము. అమ్ముకొనునప్పుడు వెలయు తగ్గును.

హెచ్చు ధ్వనిలో వాయించువారు మైనములో ముంచిన పికప్‌ను కోరుట మంచిది. మైనము చుట్టలోని తీగలు అదరకుండ పట్టి, కీచుమను ప్రతిధ్వనిని అరికట్టును. మెల్లగ వాయించువారికి మైనము లేనిదియు చక్కగ పలుకును. పికప్ వెలుపలికి నాలుగు తీగలు వచ్చినచో రెండు చుట్టలను విడివిడిగ వాడుకొను వీలుండును; కాని ఒక చుట్టను ఆపినంతనే హమ్ తిరిగి వచ్చును. తీగల రంగుల సంకేతము సంస్థ సంస్థకు వేరు. రెండు సంస్థల పికప్‌లను రెండును పలికించినప్పుడు ధ్వని బొంగురుపోయి పలుచబడినచో, అవి ఎదురు దశలో నున్నవని గ్రహించి ఒకదాని చుట్టల తీగలను తారుమారు చేయవలెను. వాల్యూము నియంత్రణము హంబకర్లకు సాధారణముగ 500 కిలో ఓములది వాడుదురు. 250ది ఉన్నచో తళుకు అణగును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి మిగిలినది. గిటారు ఉక్కు తీగలు యాంప్లిఫయర్ ఎర్త్‌తో కలిసియుండును; వాయించువాని వ్రేళ్లు ఆ తీగలపై నుండును. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వే అను గిటారు విద్వాంసుడు, ఎర్త్ సరిగా లేని మైక్రోఫోనును తాకి, వేదికపైననే విద్యుద్ఘాతమునకు లోనై మరణించెను. రొద తగ్గుననెడి ఆశతో మూడు పిన్నుల ప్లగ్గునుండి ఎర్త్ పిన్నును తీసివేయుట ప్రాణాపాయకరము. ఇంటి ఎర్త్‌ను లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌చే పరీక్ష చేయించిన పిమ్మటనే పికప్ మాట తలపెట్టవలెను. గిటారులో సోల్డరింగ్ చేయునప్పుడు కేబులును ఊడదీసి యుంచవలెను. యాంప్లిఫయర్ లోపలికి మాత్రము స్వయముగ చేయి పెట్టరాదు. స్విచ్చి ఆపిన తరువాతను అందలి కండెన్సర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

ఇక అంగడికి పోవుటకు ముందు మీ గిటారు పలుకులో మీకు నచ్చని దానిని ఒకే వాక్యమున వ్రాసికొనుడు. ‘రొదగా నున్నది’ అన్నచో మొదట ఎర్త్‌ను, కవచమును చూడుడు. ‘మొద్దుగా నున్నది’ అన్నచో తక్కువ ప్రేరకత్వము గలదానిని వెదకుడు. ‘పలుచగా నున్నది’ అన్నచో చుట్లు ఎక్కువైనదానిని, మధ్యస్థాయి బలము గలదానిని కోరుడు. ఆ వాక్యము వ్రాయుట మీకు సాధ్యము కానిచో, కొనుటకు ఇంకను సమయము రాలేదన్నమాట. కొన్న పిదప, తీసిన పాత పికప్‌ను పారవేయక, తీగలు కలిపిన తీరును కాగితముపై గీసి, దానితోపాటు భద్రపరచుడు. క్రొత్తది చెవికి నచ్చని పక్షమున వెనుకకు మరలుటకు దారి యుండవలెను గదా!