మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ నవీకరణ: ప్రమాద స్వభావం - రక్షణ విధానం

వ్యాససంగ్రహం:
మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌ను నవీకరించడం సాధారణ సాఫ్ట్‌వేర్ నవీకరణ వంటిది కాదు. అది మధ్యలో ఆగిపోతే కంప్యూటరు మొదలుకాకుండా పోవచ్చు. ఈ ప్రమాదం ఏ దశలో, ఎందుకు ఏర్పడుతుందో తెలిస్తే పాటించవలసిన జాగ్రత్తలకు కారణం బోధపడుతుంది. ఆ కారణాలను, జాగ్రత్తల క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫర్మ్‌వేర్, బయాస్, యు.ఇ.ఎఫ్.ఐ., ఫ్లాష్ చిప్, బిట్‌లాకర్.

1. ప్రవేశిక:
కంప్యూటరు మీట నొక్కగానే మొదట పనిచేసేది విండోస్, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. ప్రాసెసరును, మెమరీని, డిస్కును సిద్ధంచేసి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించే చిన్న ప్రోగ్రాం ఒకటి అంతకు ముందే పనిచేస్తుంది. అదే ఫర్మ్‌వేర్. 1981 నాటి ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఇది బయాస్ అనే పేరుతో, తిరిగి రాయడానికి వీలులేని చిప్‌లో ఉండేది. మార్చాలంటే చిప్‌నే మార్చాలి. తరువాత ఫ్లాష్ చిప్‌లు రావడంతో, చిప్‌ను తీయకుండానే అందులోని ప్రోగ్రాంను మార్చడం సాధ్యమైంది. నేటి బోర్డులలో యు.ఇ.ఎఫ్.ఐ. ప్రమాణం అమలులో ఉన్నా, వాడుకలో బయాస్ అన్న పేరే నిలిచింది.

2. ప్రమాదానికి మూలం:
ఫ్లాష్ చిప్‌లో పాత సమాచారంపై నేరుగా కొత్తది రాయడం కుదరదు. ముందుగా ఒక భాగాన్ని పూర్తిగా చెరిపి, ఆ తరువాతే అక్కడ రాయాలి. అందువల్ల నవీకరణ జరుగుతున్న కొద్ది నిమిషాలు చిప్‌లో పాత ప్రోగ్రాం గానీ, కొత్త ప్రోగ్రాం గానీ సంపూర్ణంగా ఉండదు. ఆ వ్యవధిలో విద్యుత్తు పోతే, తిరిగి మొదలైన ప్రాసెసరుకు అసంపూర్ణమైన ఆదేశాలే దొరుకుతాయి. ఆపరేటింగ్ సిస్టమ్ చెడిపోతే పెన్‌డ్రైవ్ నుండి మళ్ళీ ఎక్కించవచ్చు. పెన్‌డ్రైవ్‌ను చదవవలసిన ఫర్మ్‌వేరే చెడిపోతే ఆ మార్గం మూసుకుపోతుంది. 1999 ఏప్రిల్ 26న సి.ఐ.హెచ్. వైరస్ అనేక కంప్యూటర్లలో ఫర్మ్‌వేర్‌ను చెరిపి, ఈ బలహీనతను లోకానికి తెలియజేసింది.

3. నవీకరణ ఆవశ్యకత:
కొత్త వెర్షన్ వెలువడిందన్న ఒక్క కారణంతో నవీకరించడం అనవసరం. కొత్త ప్రాసెసరుకు మద్దతు, భద్రతాలోప నివారణ, స్థిరత్వ సమస్యకు పరిష్కారం అనేవి తగిన కారణాలు. అయితే అవసరమైనప్పుడు వాయిదా వేయడమూ హానికరమే. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అధిక వోల్టేజీ వల్ల అస్థిరత ఏర్పడగా, 2024లో దాని నివారణ బయాస్ నవీకరణల ద్వారానే అందింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్లను ఆ నవీకరణ బాగుచేయలేదు.

4. పాటించవలసిన క్రమం:

4.1 గుర్తింపు: బోర్డు మోడల్ పేరును, రివిజన్ సంఖ్యను సరిచూసుకోవాలి. ఒకే పేరుగల బోర్డుల్లో రివిజన్ మారితే ఫర్మ్‌వేర్ కూడా మారవచ్చు. ఫైలును తయారీదారు వెబ్‌సైటు నుండి మాత్రమే తీసుకోవాలి. దానితోపాటు ఇచ్చిన సూచనలను చదవాలి. కొన్ని వెర్షన్లకు ముందు మరొక వెర్షన్ తప్పనిసరి, కొన్నింటి నుండి వెనక్కి వెళ్ళడం కుదరదు.

4.2 సమాచార రక్షణ: ముఖ్యమైన ఫైళ్ళకు నకలు తీసుకోవాలి. నవీకరణతో అమరికలు మొదటి స్థితికి చేరవచ్చు కనుక వాటిని ఫోటో తీసి ఉంచుకోవాలి. ఫర్మ్‌వేర్ మారినట్లు గుర్తించిన బిట్‌లాకర్, డిస్కును తెరవడానికి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీని వేరొకచోట భద్రపరచి, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయాలి.

4.3 విద్యుత్తు: డెస్క్‌టాప్‌ను యు.పి.ఎస్.కు కలపాలి. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ నిండుగా ఉన్నా ఛార్జరును తీయరాదు. కరెంటు కోతలున్న వేళ, ఉరుములు మెరుపులున్న వేళ ఈ పని తలపెట్టరాదు.

4.4 రాయడం: తయారీదారు వేరే విధంగా సూచించనప్పుడు, డెస్క్‌టాప్ బోర్డులకు విండోస్‌లోని ప్రోగ్రాం కంటే బయాస్‌లోనే ఉండే నవీకరణ సాధనం మేలు, ఇతర ప్రోగ్రాములు అడ్డుపడే అవకాశం అక్కడ తక్కువ. ఫైలును సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఉంచాలి. పని మొదలయ్యాక తెర చీకటిగా మారినా, కంప్యూటరు తనంతట తాను పలుమార్లు రీస్టార్ట్ అయినా మీట నొక్కరాదు. కొత్త బోర్డులలో మెమరీని తిరిగి సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆ ఆలస్యాన్ని వైఫల్యంగా భావించి కరెంటు తీసివేయడమే అసలు నష్టానికి దారితీయవచ్చు.

5. విఫలమైనప్పుడు:
కొన్ని బోర్డులలో రెండవ బయాస్ చిప్ ఉంటుంది. మరికొన్నింటిలో ప్రత్యేక మీట, నిర్దిష్ట యు.ఎస్.బి. పోర్టు ఉంటాయి, అక్కడ ప్రాసెసరు ప్రమేయం లేకుండానే ఫర్మ్‌వేర్‌ను తిరిగి రాయవచ్చు. ఈ రెండూ లేనిచోట ప్రోగ్రామర్ అనే పరికరంతో నేరుగా చిప్‌పై రాయించవలసి రావచ్చు. కనుక ఏ వసతి ఉన్నదో నవీకరణకు ముందే తెలుసుకోవడం అవసరం.

6. ముగింపు:
ఫర్మ్‌వేర్ నవీకరణలోని ప్రధాన ప్రమాదం చెరపడానికీ రాయడానికీ మధ్యనున్న స్వల్పకాలానిది. తగిన ఫైలు, నిలకడైన విద్యుత్తు, రాతలో జోక్యం చేసుకోని ఓర్పు ఆ కాలాన్ని దాటిస్తాయి. రికవరీ కీ, నకళ్ళు ఆ తరువాతి నష్టాన్ని నివారిస్తాయి. ఈ ఏర్పాట్లు లేనప్పుడు, అత్యవసరం కాని నవీకరణను వాయిదా వేయడమే వివేకం.