యూనిటాస్ కుడిచెయ్యి

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే ఆట గుర్తుకు వస్తుంది. అమెరికావారి ఫుట్‌బాల్‌లో కాలికి ఉన్న పని బహు తక్కువ. రెండు కొసలూ తేలిన బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తుతారు. లేదా చేత్తో విసురుతారు. ఎదుటి పక్షంవారు మీదపడి నేల కరిపిస్తారు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి అవతలివారి పాలవుతుంది. బంతి విసిరి ఆట నడిపించేవాణ్ణి క్వార్టర్‌బాక్ అంటారు.

ఆ మధ్య మేరీలాండ్‌లో ఉన్న మా తమ్ముడి ఇంటికి మేమిద్దరం వెళ్ళినప్పుడు, వాడు బాల్టిమోరులో స్టేడియం ముందున్న కంచు విగ్రహం చూపించాడు. బంతి పట్టిన కుడిచెయ్యి ఎత్తి నిలుచున్న మనిషి. "జానీ యూనిటాస్, అన్నయ్యా! ఈ ఊరివాళ్ళకి దేవుడు" అన్నాడు. ఛందస్సు చెప్పుకునే నాకు ఆటలతో ఏం పని? అయినా ఆ మనిషి కథ విన్న తర్వాత మరచిపోలేకపోయాను.

1933లో పిట్స్‌బర్గులో పుట్టాడు. అయిదో ఏట తండ్రి పోయాడు. బొగ్గులు ఇళ్ళకు చేరవేసే ఆయన వ్యాపారాన్ని తల్లి భుజాన వేసుకుని, పద్దులు వ్రాయటం నేర్చుకుని, నలుగురు పిల్లల్ని పెంచింది. లూయీవిల్ విశ్వవిద్యాలయంలో ఆడిన కొడుకును 1955లో సొంత ఊరి జట్టు స్టీలర్స్ తీసుకుంది. పోటీలు మొదలు కాకుండానే పంపించివేసింది. అప్పటికే పెళ్ళయినవాడు. కట్టడాల దగ్గర కూలికి కుదిరి, తీరిక వేళల్లో ఆటకు ఆరు డాలర్ల చొప్పున ఒక చిన్న జట్టులో ఆడాడు.

1956లో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టు పిలిచింది. ముఖ్య ఆటగాడు దెబ్బతినగా ఇతణ్ణి దింపారు. విసిరిన మొదటి బంతే ఎదుటివాడి చేతిలో పడింది. వాడు దాన్ని తీసుకుపోయి గోలు చేశాడు! మరొకడైతే అక్కడే చితికిపోయేవాడు. ఇతడు రెండేళ్ళు తిరిగేసరికి, 1958 డిసెంబరు 28న, న్యూయార్క్‌లో చాంపియన్‌షిప్ ఆడుతున్నాడు. 17-14తో వెనుకబడి ఉన్నారు. మిగిలినవి సుమారు రెండు నిమిషాలు. కంగారన్నది లేకుండా ఒకే సహచరుడికి వరుసగా మూడు బంతులు అందించి 62 గజాలు గెలిచాడు. ఏడు సెకన్లు ఉండగా సమానం చేశారు. అదనపు సమయంలో 23-17తో జయం. టెలివిజన్లో కోట్లమంది చూచిన ఆ ఆటతోనే ఫుట్‌బాల్ అమెరికాలో ఇంటింటికీ చేరిందంటారు. 1956 నుంచి 1960 వరకు వరుసగా 47 ఆటలలో బంతి విసిరి గోలు చేయించిన ఇతని రికార్డు 2012 దాకా నిలిచింది. మొత్తం విసరి గెలిచినది 40,239 గజాలు, అంటే దాదాపు 23 మైళ్ళు!

ఇక ఆ చేతి సంగతి. 1968లో మోచేతికి దెబ్బ తగిలింది. మరి అయిదేళ్ళు ఆడి, 1974లో విరమించాడు. వయసు పైబడేకొద్దీ కుడిచేతి వేళ్ళు పట్టు తప్పాయి. బంతి మాట అటుంచి, తినే ఫోర్కు పట్టుకోవటమే కష్టమైంది. గోల్ఫు ఆడాలంటే ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళను కర్ర చుట్టూ మడిచి, పట్టీతో బిగించుకునేవాడు. అంగవైకల్య భృతికి అర్జీ పెట్టుకుంటే లీగు నిరాకరించింది. 2002 సెప్టెంబరు 11న, 69వ ఏట, గుండెపోటుతో పోయాడు.

తిరిగి వస్తుండగా కారులో మా ఆవిడ, "బంగారంలాంటి చెయ్యి అన్నారు గదా, అన్నం తినటానికి పనికి రాకపోతే ఎట్లా?" అంది. తమ్ముడు మాట్లాడలేదు. వాడి కొడుకు పదేళ్ళవాడు, ఆ ఏడే బడిలో ఫుట్‌బాల్ జట్టులో చేరాడు. ఇంటికి వెళ్ళేసరికి వాడు పెరట్లో బంతి విసురుతున్నాడు. తమ్ముడు చాలాసేపు గుమ్మంలో నిలబడి వాడి కుడిచేతి వంకే చూశాడు.