ఉసిరి చెట్టు కింద ఈసారి ఎనిమిది విస్తర్లే

కార్తీక వనభోజనాలు మానేయాలా, కుదించుకోవాలా? కుదించుకుంటే ఎలా?

"ఏం బిడ్డా, ఈసారి వనభోజనాలు ఉన్నయా, లేవా?"

దీపావళి తెల్లారి బోధన్ నుంచి మా పెద్దమ్మ ఫోన్. ఏటా కార్తీకంలో ఒక ఆదివారం ఎడపల్లి దగ్గర మా చేను గట్టున ఉన్న ఉసిరి చెట్టు కింద నలభై మందికి తక్కువ కాకుండా కూర్చుని తింటాం. నాయన చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల నుంచి వస్తున్న ఆనవాయితీ అది. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డా భోజనాలు ఆగలేదు. కానీ పెద్దమ్మకు డెబ్బై రెండేళ్లు, ఇరవై ఏళ్లుగా షుగర్ ఉంది. మా చిన్నాయన వారానికి రెండుసార్లు నిజామాబాద్ వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు. లేవని చెప్పడానికి నోరు రాలేదు, ఉన్నాయని చెప్పడానికి ధైర్యం చాలలేదు.

2020లో నవంబరు 16న మొదలైన కార్తీకం డిసెంబరు 14 దాకా సాగింది. పౌర్ణమి నవంబరు 30న, అదీ సోమవారం వచ్చింది. కాబట్టి ఈ ప్రశ్న అప్పుడు చాలా ఇళ్లలో నడుస్తూనే ఉండింది. అమెరికాలో పిల్లలున్న ఇళ్లకైతే అక్కడి నుంచీ ఇదే మాట వినిపించింది. ఆ ఏడాది నవంబరు 26, గురువారం వాళ్లకు థ్యాంక్స్ గివింగ్. బంధువులంతా ఒక బల్ల చుట్టూ చేరే పండుగ అది. ఆసారి ప్రయాణాలు వద్దని, ఒకే ఇంట్లో ఉండేవాళ్లే కలిసి తినడం మేలని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నవంబరు 19న సూచించింది.

అంత భయం అవసరమా అంటే, కేరళను చూడండి. 2020 ఆగస్టు ఆఖరులో ఓనం జరిగింది. ఆ తర్వాతి వారాల్లో కేసులు విపరీతంగా పెరిగాయి. పండుగల వేళ నిర్లక్ష్యం వద్దంటూ అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ ఆ అక్టోబరులో చూపించిన ఉదాహరణ కూడా ఇదే.

ఒక్క భోజనంతో ఏమవుతుందో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో తేలింది. 2020 జనవరి 24న, వాళ్ల కొత్త సంవత్సరం ముందురోజు, కిటికీలు లేని ఓ ఏసీ రెస్టారెంట్‌లో మూడు కుటుంబాలు పక్కపక్క బల్లల దగ్గర భోంచేశాయి. వుహాన్ నుంచి వచ్చిన ఒకరికి ఆరోజే లక్షణాలు మొదలయ్యాయి. ఫిబ్రవరి 5 నాటికి ఆ మూడు కుటుంబాల్లో మొత్తం పది మందికి వైరస్ అంటింది. బల్లల మధ్య దూరం ఉన్నా, ఏసీ గాలి తిరిగిన వైపు తుంపర్లు కూడా తిరిగాయని పరిశోధకులు తేల్చారు.

ఇక్కడే మన పెద్దలు పెట్టిన పద్ధతి అక్కరకొస్తుంది. చెట్టు కింద, ఆరుబయట, ఎవరి విస్తరి వాళ్లకు. ఇంతకంటే మంచి ఏర్పాటు ఏ డాక్టరూ చెప్పలేడేమో! అయితే ఎండ తగులుతుందని షామియానా వేసి నాలుగు వైపులా పరదాలు కట్టారంటే మాత్రం అది మళ్లీ గదే. పైన నీడ ఉంటే చాలు, పక్కలు తెరిచి ఉంచండి. అలీసాగర్, అశోక్‌సాగర్ పార్కుల్లో ఆదివారాలు జనం ఎక్కువ. సొంత చేనో, తెలిసినవాళ్ల మామిడితోటో ఉంటే అటే వెళ్లండి.

అందరూ మరిచిపోయేది బండి

వనభోజనంలో అసలు ప్రమాదం చెట్టు కింద కాదు, దారిలో ఉంది. ఏడుగురు పట్టే బండిలో పది మంది ఎక్కి, అద్దాలు బిగించి, ఏసీ వేసుకుని, పాటలు పాడుకుంటూ గంట ప్రయాణం చేసి, దిగాక ఆరడుగుల దూరంలో కూర్చుంటే ఏం లాభం? ఏ ఇంటివాళ్లు ఆ ఇంటి బండిలోనే రావాలి. తప్పక మరొకరిని ఎక్కించుకుంటే అందరూ మాస్కు పెట్టుకుని, అద్దాలు దించుకోవాలి.

ఎంతమంది అన్నది రెండో సంగతి. మేం రెండిళ్లు, ఎనిమిది మంది దగ్గర ఆగాం. ఎనిమిదిలో మహత్యమేమీ లేదు. ఎన్ని ఇళ్ల మనుషులు కలుస్తున్నారన్నదే లెక్క. ఒకే ఇంటి ఎనిమిది మంది కంటే ఎనిమిది ఇళ్ల నుంచి వచ్చిన ఎనిమిది మందితో ముప్పు ఎక్కువ. వచ్చేవాళ్లు పది రోజుల ముందు నుంచే పెళ్లిళ్లు, అంగళ్ల రద్దీ తగ్గించుకోవాలి. జ్వరం, దగ్గు, ఒళ్లు నొప్పులు, వాసన తెలియకపోవడం... ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లోనే ఆగాలి. "పీహెచ్‌సీలో పరీక్ష చేయించుకున్నా, నెగెటివే" అన్న మాటకు మురిసిపోవద్దు. ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష కొన్ని కేసులను పట్టలేదు. వైరస్ సోకిన తొలి రోజుల్లో చేస్తే ఏ పరీక్షయినా తప్పొచ్చు. పైగా లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచే వైరస్ ఇతరులకు అంటగలదు.

చెట్టు కింద ఒక్కో ఇంటికి ఒక్కో చాప, మధ్యలో కనీసం ఆరడుగులు. తినేటప్పుడే మాస్కు తీయాలి, చేయి కడగ్గానే మళ్లీ పెట్టుకోవాలి. వంట ద్వారా కరోనా వ్యాపిస్తుందనడానికి ఆధారాల్లేవు కాబట్టి పక్కింటి గారెలు నిరభ్యంతరంగా తినొచ్చు. చిక్కంతా బగోనె చుట్టూ గుమిగూడి వడ్డించుకోవడంతోనే. ఒక్కరే సబ్బుతో చేతులు కడుక్కుని, మాస్కుతో అందరికీ వడ్డిస్తే సరి. నీళ్ల సీసా ఎవరిది వాళ్లదే. అంత్యాక్షరీ, గట్టిగా పాటలు ఈ ఏడాదికి వద్దు. గొంతు పెరిగే కొద్దీ తుంపర్లు పెరుగుతాయి. రెండు గంటల్లో ముగించి లేవండి.

కరోనా గొడవలో మామూలు జాగ్రత్తలు మరవకండి. పొద్దున వండిన అన్నం మధ్యాహ్నం రెండింటి దాకా గోరువెచ్చగా మూతపెట్టి ఉంచితే అందులో పెరిగే బ్యాక్టీరియా వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. చింతపండు పులుపు వల్ల పులిహోర కొంత ఆగుతుంది కానీ పప్పు, కూరలు రెండు గంటల్లోపు తినేయాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా సోమవారం ఉపవాసాలు పెట్టుకోవద్దు. ఉసిరిలో విటమిన్ సి బాగా ఉంది, తినండి. పసుపు పండించే జిల్లా వాళ్లం కాబట్టి పసుపు పాలు తాగొద్దని నేనెలాగూ అనను. కానీ అవి కరోనాను ఆపుతాయని రుజువు కాలేదు. పసుపు పాలు తాగామని మాస్కు తీసేయకండి.

ఇక కష్టమైన పని: రావద్దని చెప్పడం. మా ఇంట్లో ఏటా పిలిచే ముప్పై మందికి నేను మెసేజ్ పెడదామనుకున్నాను. వదినె ఒప్పుకోలేదు. "మెసేజ్ పెడితే పిలవలేదంటరు. ఫోన్ చేసి చెప్తే అర్థం చేసుకుంటరు" అంది. రెండు సాయంత్రాలు కూర్చుని అందరికీ చేసింది. ఇద్దరు నొచ్చుకున్నారు. చాలామంది "మేమే మీకెట్ల చెప్పాల్నా అనుకుంటున్నం" అన్నారట. మొదటి టీకా ఫలితాల వార్తలు 2020 నవంబరులోనే వచ్చాయి. మన దాకా రావడానికి ఇంకా నెలలు పట్టొచ్చని అప్పుడు అనిపించినా, వచ్చే కార్తీకం ఇలా ఉండకపోవచ్చన్న ఆశ వాళ్ల గొంతులో వినిపించిందంది. రంజాన్ నెలంతా బోధన్‌లో మా పక్కింటివాళ్లు ఇఫ్తార్ ఇంట్లోనే చేసుకున్నారని కూడా గుర్తు చేసింది.

భోజనాల తర్వాత రెండు వారాలు ఒంటి మీద కన్నేసి ఉంచండి. ఎవరికైనా జ్వరం వస్తే అదే రోజు అందరికీ చెప్పాలి, సిగ్గుపడి దాచొద్దు. ఆక్సిమీటర్‌లో 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా ఆస్పత్రికి వెళ్లాలి. సందేహాలకు 104, అత్యవసరానికి 108 ఉన్నాయి.

మేం వెళ్లేది వచ్చే ఆదివారం. పెద్దమ్మ వస్తుంది, ఆమె కుర్చీ గాలి బాగా ఆడేచోట వేరుగా వేస్తాం. చిన్నాయన రాడు. అది ఆయన తీసుకున్న నిర్ణయమే. వీడియో కాల్‌లో చెట్టు చూపించమన్నాడు. ఆయనకు క్యారియర్ గేటు దగ్గర పెట్టి, దూరం నుంచి మాట్లాడి రావాలి. ఆయన డబ్బాలో పచ్చళ్లు పెట్టొద్దని, ఉప్పు సగమే వేయాలని వదినె క్యాలెండర్ మీద రాసుకుంది.