వేరుశనగలో కనబడని విషము – దానిని కనుగొను పరీక్షా పట్టీ

వేరుశనగ కాయను చితిపి, గింజ నిండుగా నున్నదా, తాలుగింజయా, పురుగు తొలిచినదా అని చెప్పుట రైతుకు తెలిసిన విద్యయే. కంటితో చూచి, చేతితో నలిపి, నోట వేసికొని సరుకు మంచిచెడ్డలు నిర్ణయించుట పెద్దలనాటి నుండి వచ్చుచున్న పద్ధతి. కాని వేరుశనగలో కంటికి గాని, ముక్కుకు గాని, నాలుకకు గాని అందని విషమొకటి ఉండవచ్చును. దాని పేరు అఫ్లాటాక్సిన్. ఈ విషమును కళ్లము వద్దనే పావుగంటలో కనుగొనగల పట్టీలు నేడు వచ్చినవి. అవి ఎట్లు పనిచేయును? వాటి మాటను ఎంతవరకు నమ్మవచ్చును? పరీక్షకు ముందు రైతు చేయవలసిన పని ఏమి? ఈ సంగతులను ఇచట వివరింతుము.

విషము బయటపడిన విధము

1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కొలది నెలలలో చనిపోయినవి. మొదట కారణము తెలియలేదు. తరువాత పరిశోధించి చూడగా, వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ దేశపు వేరుశనగ పిండిలో దోషమున్నట్లు తేలినది. ఆ పిండిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పెరిగి విషమును విడిచినది. ఆ బూజు పేరునుబట్టియే విషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టిరి.

ఇది కోళ్లకు మాత్రమే వచ్చు ముప్పు కాదు. 1974 చివర రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలలో అకాల వర్షములకు తడిసిన మొక్కజొన్న కంకులకు బూజు పట్టినది. ఆ జొన్నలను తిన్నవారికి కామెర్లు, పొట్టలో నీరు కనబడినవి. 397 మంది జబ్బుపడగా, 106 మంది చనిపోయిరి. అదే తిండి తిన్న ఇంటి కుక్కలు సైతము చచ్చినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని పరిశీలించి, అఫ్లాటాక్సిన్ కారణమని తెలిపిరి.

ఇంత ఎక్కువ మోతాదు అరుదు. కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి ఒంటికి చేరునట్టి విషమే ఎక్కువ మందికి ముప్పు. అది కాలేయమును దెబ్బతీసి పుట్టకురుపునకు, అనగా క్యాన్సరుకు, దారితీయును. బూజు పట్టిన చెక్కను పాడిపశువునకు పెట్టినచో విషము కొంత రూపు మారి పాలలోనికి దిగును. ఆ పాలు త్రాగునది ఇంటిలోని పసిబిడ్డలే. ఉడికించినను, వేయించినను ఈ విషము పూర్తిగా పోదు. గానుగ ఆడినపుడు విషములో ఎక్కువ భాగము చెక్కలోనే నిలిచిపోవును.

ఎంత ఉన్న ప్రమాదము?

ఈ విషమును మైక్రోగ్రాములలో లెక్కింతురు. ఒక గ్రాములో పదిలక్షవ వంతు ఒక మైక్రోగ్రాము. నేరుగా తినుటకు సిద్ధముచేసిన వేరుశనగ పప్పులో కిలోకు 10 మైక్రోగ్రాములకు మించి అఫ్లాటాక్సిన్ ఉండరాదని మన దేశపు ఆహార ప్రమాణములు చెప్పుచున్నవి. ఐరోపా సంఘపు దేశములు ఇట్టి పప్పులో 4 మైక్రోగ్రాములకు మించి ఒప్పుకొనవు.

కిలోకు 10 మైక్రోగ్రాములనగా ఎంత? ఒక టన్ను పప్పు మొత్తములో 10 మిల్లీగ్రాములు. అనగా ఇంచుమించు రెండుమూడు ఆవగింజల బరువు. టన్ను సరుకులో రెండు ఆవగింజలంత విషమును వెదకిపట్టుట కంటితో అగు పని కాదు. పెద్ద ప్రయోగశాలలలో యంత్రములతో దీనిని చాల ఖచ్చితముగా కొలుతురు. కాని అందుకు ఖర్చు ఎక్కువ, ఫలితము వచ్చుటకు రోజులు పట్టును. సరుకు బేరము ముగిసిన తరువాత వచ్చిన ఫలితము రైతుకు ఉపయోగపడదు. ఈ చిక్కును తీర్చుటకే పట్టీలు పుట్టినవి.

పట్టీలోని కీలకము

పట్టీ వ్రేలి పొడవు ఉండును. అందులో ముఖ్యమైనవి మూడు.

మొదటిది యాంటీబాడీ. మన ఒంటిలోనికి పరాయి పదార్థము ప్రవేశించినపుడు, దానిని గుర్తించి పట్టుకొనుటకు రక్తములో తయారగు మాంసకృత్తు ఇది. ఒక తాళమునకు ఒక చెవియే పట్టినట్లు, ఒక్కొక్క యాంటీబాడీ ఒక్కొక్క పదార్థమునకే అతుకును. అఫ్లాటాక్సిన్ అణువు మిక్కిలి చిన్నది కావున, దానిని వేరొక మాంసకృత్తుకు తగిలించి ఎలుకలకు ఎక్కించి, దానినే పట్టుకొను యాంటీబాడీలను శాస్త్రజ్ఞులు సంపాదించిరి. ఒకే రకపు యాంటీబాడీని కావలసినంత తయారుచేయు ఉపాయమును 1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనువారు కనుగొనిరి. అందుకు వారికి 1984లో నోబెల్ బహుమతి లభించినది.

రెండవది బంగారము. నగల బంగారము పసుపుగా నుండును. కాని దానినే మిక్కిలి సన్నని రేణువులుగా చేసి నీటిలో నిలిపిన ఎర్రగా కనబడును. ఇట్టి రేణువులు 40 నానోమీటర్ల వెడల్పు గలవి వరుసగా పేర్చినచో, ఒక మిల్లీమీటరు పొడవులో 25,000 పట్టును. ఈ రేణువులకు యాంటీబాడీలను అంటింతురు. బంగారపు ఎరుపే మన కంటికి గుర్తు.

మూడవది నైట్రోసెల్యులోజ్ పొర. దూదిలోని పదార్థమును నత్రికామ్లముతో మార్చి దీనిని చేయుదురు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఈ పొర ద్రవమును పీల్చుకొని ముందునకు నడిపించును. దీని మీద రెండు అడ్డగీతలుగా, కంటికి కనబడకుండ, మందు పూసి ఉంచుదురు. మొదటి గీతపై అఫ్లాటాక్సిన్‌నే స్థిరముగా అంటించి ఉంచుదురు. రెండవ గీత పట్టీ సరిగా పనిచేసినదని తెలుపు సాక్షి గీత.

ఇక జరుగు పని చూడుడు. గింజల పిండిని నీరు, మిథైల్ ఆల్కహాలు కలిపిన ద్రవములో బాగుగా కుదిపి, వడగట్టి, ఆ తేటను పలుచన చేసి పట్టీ కొనకు తగిలింతురు. తేట పైకి ప్రాకుచు బంగారు రేణువులను తనతో తీసికొనిపోవును. ఈ రేణువులను కూలీలుగా భావింపుడు. తేటలో విషము లేనిచో కూలీల చేతులు ఖాళీగా నుండును. వారు మొదటి గీత వద్ద కట్టి ఉంచిన విషమను బరువును పట్టుకొని అక్కడనే నిలిచిపోవుదురు. అందరు అట్లు గుమిగూడినందున గీత ఎర్రగా కనబడును. తేటలో విషమున్నచో, కూలీల చేతులు దారిలోనే నిండిపోవును. వారు గీతవద్ద ఆగక ముందునకు పోవుదురు. గీత రాదు.

గీతలను చదువుట

ఇచటనే చాలమంది పొరబడుదురు. గర్భ నిర్ధారణకు ఇండ్లలో వాడు పట్టీలో రెండు గీతలు వచ్చినచో వెదకునది ఉన్నదని అర్థము. అఫ్లాటాక్సిన్ పట్టీ అందుకు తలక్రిందులు. రెండు గీతలు కనబడిన విషము హద్దు లోపల ఉన్నది. సాక్షి గీత ఒక్కటే కనబడిన విషము హద్దు మించినది. సాక్షి గీతయే రానిచో పట్టీ చెడినది, ఆ పరీక్ష చెల్లదు. వేరొక పట్టీతో మరల చేయవలెను. గీత మసకగా నున్నపుడు ఊహించి చెప్పరాదు. అట్టి సందర్భమున గీత రంగును కొలుచు చిన్న యంత్రముతో చదివించుట మేలు. పట్టీ ఏ హద్దునకు తయారైనదో దాని పెట్టెమీద వ్రాసి ఉండును. దానిని ముందుగా చూడవలెను.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ అఫ్లాటాక్సిన్ పరీక్షలను చౌక చేయుటకు చాలకాలముగా కృషి చేయుచున్నది. 2016లో అది పదిహేను నిమిషముల లోపల, కిలోకు 10 మైక్రోగ్రాముల వరకు విషమును కనుగొనగల పట్టీ పరికరమును వెలువరించినది.

ఒక జాగ్రత్త చెప్పవలసి యున్నది. మిథైల్ ఆల్కహాలు ఘోరమైన విషము. కల్తీ సారా త్రాగినవారి కన్నులను, ప్రాణములను తీయునది ఇదియే. పరీక్ష చేయు గది గాలి ఆడునట్లుండవలెను. సీసాను పిల్లలకు అందనీయరాదు. నిప్పు దగ్గర ఉంచరాదు.

ఒక్క గింజ చేయు కీడు

పట్టీ ఎంత మంచిదైనను, తన మీద పడిన తేటను గురించియే చెప్పును. సంచిలో మిగిలిన గింజలను గూర్చి దానికి తెలియదు. అఫ్లాటాక్సిన్ పరీక్షలో అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇదియే.

ఉప్పు నీటిలో కలిసినట్లు ఈ విషము సరుకంతట సమముగా ఉండదు. వేయి గింజలలో తొమ్మిదివందల తొంబదితొమ్మిది శుభ్రముగా నుండి, ఒక్కటి మాత్రము విషముతో నిండి యుండవచ్చును. బాగుగా బూజు పట్టిన గింజలో కిలోకు పదిలక్షల మైక్రోగ్రాముల పాళ్లలో కూడ విషము కనబడినది. అట్టి గింజ అరగ్రాము బరువుండునని అనుకొందము. అందులోని విషము 500 మైక్రోగ్రాములు. దానిని 50 కిలోల శుభ్రమైన పప్పుతో కలిపిన, ఆ మొత్తమునకు కిలోకు 10 మైక్రోగ్రాములు వచ్చును. అనగా ఒక్క గింజ ఒక బస్తా పప్పును హద్దు వరకు తెచ్చుచున్నది.

అట్లయినచో బస్తా పైనుండి పిడికెడు గింజలు తీసి పరీక్షించిన ఏమగును? ఆ ఒక్క గింజ పిడికిటిలో పడకపోవుటయే సహజము. పట్టీ మంచిదని చెప్పును, సరుకు మంచిది కాదు. ఒకవేళ ఆ గింజయే పిడికిటిలో పడిన, కొద్ది గింజలు చెడినందుకు సరుకంతయు నిలువునా చెడినట్లు కనబడును. రెండు విధముల రైతుకు నష్టమే. కొనుగోలుదారు పిడికెడు గింజలు తీసి పరీక్షచేసి ధర తగ్గింపజూచినపుడు, నమూనా సరిగా తీయవలెనని అడుగు హక్కు రైతుకు కలదు. అందుకు పద్ధతి తెలిసి యుండవలెను.

నమూనా తీయు పద్ధతి: ఒకే బస్తా నుండి గాక వీలైనన్ని బస్తాలనుండి తీయవలెను. ప్రతి బస్తాలో పైన, నడుమ, అడుగున గొట్టము గుచ్చి కొద్దికొద్దిగా తీయవలెను. ఇట్లు కొన్ని కిలోలు ప్రోగుచేయవలెను. పట్టాపై పోసి బాగుగా కలిపి, కుప్పను నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండు తీసికొని మరల కలుపవలెను. తాలుగింజలను, రంగు మారిన గింజలను ఏరి పారవేసి నమూనా ఇచ్చుట తనను తాను మోసగించుకొనుటయే. విషము ఎక్కువగా వాటిలోనే ఉండును. మిగిలిన గింజలన్నిటిని మెత్తగా పిండిచేసి, కలియబెట్టి, ఆ పిండి నుండి పరీక్షకు కావలసినంత తూచవలెను. గింజను పిండిచేయుటకు ముందే కొద్దిగా తీసికొనినచో పడిన శ్రమ వ్యర్థము.

ప్రయోగశాలలలో జరుగుచున్న పని

జీవ పదార్థము గుర్తింపగా, పరికరము ఆ గుర్తింపును కొలతగా మార్చు సాధనములకు బయోసెన్సర్లని పేరు. 1962లో అమెరికా శాస్త్రజ్ఞుడు లీలండ్ క్లార్క్ చూపిన దారినే నేడు మధుమేహ రోగులు వ్రేలి రక్తపు చుక్కతో చక్కెర చూచుకొనుచున్నారు. అట్లే అఫ్లాటాక్సిన్‌ను విద్యుత్తుతో కొలుచుటకు కర్బనపు పొరలు, గ్రాఫీన్ వంటి క్రొత్త పదార్థములతో ప్రయత్నములు జరుగుచున్నవి. ఎలుకల నుండి వచ్చు యాంటీబాడీలకు బదులు, వేడికి చెడని ఆప్టామర్లను డి.ఎన్.ఎ. ముక్కలను వాడి చూచుచున్నారు. పట్టీ గీతను సెల్‌ఫోన్ కెమెరాతో చదివించు పద్ధతులు కూడ వచ్చుచున్నవి. వైద్య రంగమున, రక్తములోని అల్బుమిన్‌కు అంటుకొనిన అఫ్లాటాక్సిన్‌ను కొలిచి, మనిషి గడచిన రెండుమూడు నెలలలో ఎంత విషము తిన్నాడో అంచనా వేయుచున్నారు. ఈ సాధనములు ఎంత సూక్ష్మమైనను, నమూనా తప్పైనచో ఫలితమును తప్పే.

విషము పుట్టకుండ చేయుట

పరీక్ష విషమును చూపును గాని తీసివేయదు. నివారణ పొలములో మొదలుకావలెను.

ఊడలు దిగి కాయ ఊరు సమయమున, ముఖ్యముగా కోతకు ముందు నాలుగు నుండి ఆరు వారములు, బెట్ట తగిలిన నేల కాగి బూజు కాయలోనికి చొరబడును. అనంతపురము వంటి వర్షాధార ప్రాంతములలో ఈ ముప్పు ఎక్కువ. నీటి వసతి ఉన్నచో ఆ సమయమున ఒక తడి ఇచ్చుట లాభకరము. విత్తిన 45 రోజులకు ఎకరమునకు 200 కిలోల జిప్సము వేసి మట్టి ఎగదోసిన కాయ గట్టిపడును. వేరుపురుగు, చెదలు తొలిచిన కాయలు బూజుకు తెరచిన తలుపులు. వాటిని అదుపులో నుంచవలెను.

పంటను పక్వమున పీకవలెను. పీకిన మొక్కలను కాయలు పైకి ఉండునట్లు తిరగవేసి ఆరబెట్టవలెను. గింజలో తేమ నూటికి 8 పాళ్లకు మించరాదు. కాయను చెవివద్ద ఊపిన గలగలలాడవలెను. ఒలుచునపుడు పప్పు విరుగకుండ కాయలపై నీరు చల్లు అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. బూజునకు ఇంతకంటె మేలు చేయు పని లేదు, దానిని మానవలెను. బస్తాలను నేలపై గాక చెక్కలపై, గోడకు ఎడముగా పేర్చవలెను. ముడుతపడిన, రంగు మారిన, పగిలిన, బూజుపట్టిన గింజలను ఏరివేసినచో విషములో పెద్ద భాగము వాటితోనే పోవును. ఏరిన గింజలను పశువులకు గాని, కోళ్లకు గాని, గానుగకు గాని పంపక నాశనము చేయవలెను.

పట్టీ ఒకసారి విషమున్నదని చూపినచో నిరాశ చెంది సరుకునంతటిని ఒకే ధరకు వదలుకొనవలదు. గింజలను ఏరి, మరల సరియైన నమూనా తీసి పరీక్షింపవలెను. అట్లే ఒకసారి మంచిదని చూపిన పట్టీని నమ్మి తడి బస్తాలను గదిలో పేర్చినచో, అదే సరుకు నెల తిరుగకముందే చెడవచ్చును. పరీక్ష నాటి సరుకును గూర్చి పట్టీ చెప్పును. ఆ తరువాతి రోజులు రైతు చేతిలోనున్నవి.